డిస్కు పోయినా సైటు నిలబడాలంటే

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రెయిడ్ గురించే. ఆరింటిని ఎంచుకున్నాం. ఊరి పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

చీమకుర్తి నుంచి: మాది గ్రానైట్ పలకల ఎగుమతి వ్యాపారం. కొనేవాళ్లు మా వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసే ఆర్డరు ఇస్తారు. హోస్టింగ్ ప్యాకేజీలో ‘రెయిడ్-10 స్టోరేజీ’ అని రాశారు. అంటే ఏమిటి? దాన్ని నమ్ముకుని ఉండొచ్చా?

డిస్కు చెడిపోయినప్పుడు మీ సైటు ఆగకుండా ఉంటుందన్న మేరకు నమ్మవచ్చు. మీ ఫొటోలు ఎప్పటికీ పోవని మాత్రం అనుకోకండి. ఈ రెండూ వేర్వేరు సంగతులు.

కొన్ని డిస్కులను జట్టుగా కట్టి, ఒకటి పోయినా మిగతావాటితో పని జరిగేలా చూడటమే రెయిడ్. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రాసిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు కొనే బదులు చవకైన చిన్న డిస్కులను కలిపి వాడుకోవచ్చన్నది వాళ్ల వాదన. అయితే డిస్కులు పెరిగేకొద్దీ ఏదో ఒకటి చెడే అవకాశమూ పెరుగుతుంది. అందుకే అదనపు సమాచారాన్ని కూడా రాసి ఉంచాలన్నారు.

అలా రాయడానికి రెండు దారులున్నాయి. మొదటిది అద్దం. ఒక డిస్కులో రాసిన ప్రతి అక్షరాన్నీ రెండో దానిలోనూ అప్పటికప్పుడే రాస్తారు. ఇది రెయిడ్-1. రెండోది ప్యారిటీ. కళ్లంలో మూడు కుప్పల బస్తాల లెక్క, కింద మొత్తం రాసుకున్నారనుకోండి. ఒక కుప్ప లెక్క చెరిగిపోయినా మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే అది తేలుతుంది. డిస్కుల్లో కూడిక బదులు సరి, బేసి చూస్తారు. మూడు డిస్కుల్లో ఒకే స్థానంలో 1, 0, 1 ఉన్నాయి. ఒకట్లు రెండు, అంటే సరి సంఖ్య, కాబట్టి నాలుగో డిస్కులో 0 రాస్తారు. మూడో డిస్కు పోయిందా, మిగిలినవి 1, 0, ప్యారిటీ 0. ఒకట్లు సరిసంఖ్యలో ఉండాలంటే పోయింది 1 అయి తీరాలి. రెయిడ్-5 చేసేది ఇదే. ప్యారిటీని ఒకే డిస్కులో పెట్టకుండా అన్నిటికీ పంచుతుంది. రెయిడ్-6లో వేరే గణితంతో రెండో ప్యారిటీ కూడా ఉంటుంది.

మీ ప్యాకేజీలోని రెయిడ్-10లో డిస్కులను జంటలుగా అద్దం చేసి, డేటాను ముక్కలుగా ఆ జంటలన్నిటికీ పంచుతారు. కనీసం నాలుగు డిస్కులు కావాలి. వేగం బాగుంటుంది, హోస్టింగ్‌కు మంచి ఎంపిక. పేరులో రెయిడ్ ఉన్నా రెయిడ్-0లో అదనపు ప్రతి ఏదీ ఉండదు. ఒక్క డిస్కు పోతే మొత్తం పోతుంది. ఎవరైనా ‘రెయిడ్ ఉంది’ అంటే అంకె ఎంత అని అడగండి. దాంతోపాటు బ్యాకప్ ఎన్ని గంటలకోసారి తీస్తారు, వేరే ఊళ్లో ఉంచుతారా, ఎన్ని రోజులు ఉంచుతారు అన్నవి కూడా అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఎలాగూ మీ పలకల అసలు ఫొటోలు మీ ఆఫీసు కంప్యూటర్లో, ఒక బయటి హార్డ్‌డిస్కులో ఉండాల్సిందే.

నెల్లూరు నుంచి: చిన్న హోస్టింగ్ వ్యాపారం చేస్తున్నాం. ముంబైలో అద్దెకు తీసుకున్న లైనక్స్ సర్వర్‌లో రెండు 1 టీబీ డిస్కులు, సాఫ్ట్‌వేర్ రెయిడ్-1 (కార్డు లేకుండా లైనక్సే నడిపేది). నిన్న రాత్రి ‘డిగ్రేడెడ్ అర్రే’ అని మెయిల్ వచ్చింది. సైట్లన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. ఆదివారం రాత్రి రద్దీ తగ్గాక చూడొచ్చా?

ఆగకండి. అర్రే అంటే డిస్కుల జట్టు, డిగ్రేడెడ్ అంటే అందులో ఒకటి జారిపోయిందని. సైట్లు నడుస్తున్నాయంటే రెయిడ్ తన పని చేసిందని అర్థం. ఇప్పుడు మీ ఖాతాదారులందరి డేటా ఒకే డిస్కు మీద ఉంది. మా దగ్గరికొచ్చే కేసుల్లో రెండు డిస్కులూ ఒకేరోజు పోయినవి తక్కువ. మొదటిది పోయి నెలలు గడిచినా ఎవరూ చూడక, రెండోది పోయాక బయటపడినవే ఎక్కువ. మీకు మెయిల్ వచ్చింది, చదివారు. ఇక వరసగా ఇవి చేయండి.

ముందు బ్యాకప్. కొత్త డిస్కు పెట్టాక పాతదంతా మొదటినుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది. కుంటుతున్న డిస్కు ఆ శ్రమలోనే పడిపోవచ్చు. కాబట్టి ముందుగా డేటాబేసులు, తర్వాత మెయిళ్లు, ఆ తర్వాత సైట్ల ఫైళ్లు వేరే సర్వర్‌కు పంపండి.

తర్వాత అర్రేల స్థితి చూపే ఎండీస్టాట్ ఫైలు తెరవండి, అది ప్రాక్ డైరెక్టరీలో ఉంటుంది. రెండు డిస్కులూ బాగుంటే చదరపు బ్రాకెట్లలో రెండు ‘యూ’ అక్షరాలుంటాయి. ఒకటి పోతే దాని స్థానంలో కింద గీత కనిపిస్తుంది. బూట్‌కు ఒకటి, స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) ఒకటి, డేటాకు ఒకటి చొప్పున మూడు అర్రేలు ఉండటం మామూలే. వాటిలో ఒకదాంట్లోనే డిస్కు జారిపోయి, మిగతా రెండింటిలో ఇంకా పనిచేస్తున్నట్టు కనిపించవచ్చు.

ఇప్పుడు డిస్కు తన గురించి రాసుకునే లెక్కలు చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో రెండు డిస్కుల ఆరోగ్యమూ చూడండి. పోయినదాని కంటే బతికున్నదాన్నే జాగ్రత్తగా చూడాలి. 5వ వరస మార్చేసిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు), 197 చదవలేక వాయిదాలో ఉన్నవి, 198 సరిచేయలేనివి. ఈ మూడూ సున్నా ఉంటే గుండె దిటవు చేసుకోవచ్చు. బతికున్న డిస్కులో 197వ వరస సున్నా కాకపోతే కాపీ అక్కడ తట్టుకుంటుంది. అప్పుడు రెండు డిస్కులూ మార్చి బ్యాకప్ నుంచి కట్టుకునే ఏర్పాటు చేసుకోండి. జారిపోయిన డిస్కులో ఈ మూడూ సున్నా ఉండి 199వ వరస (డేటా దారిలో వచ్చిన తప్పుల లెక్క) పెరుగుతూ ఉంటే తప్పు కేబుల్‌ది, లేదా కనెక్టర్‌ది కావచ్చు. కేబుల్ మార్చమని అడగండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. రెయిడ్-1లో పెద్ద నష్టాలు తెచ్చేది బాగున్న డిస్కును పీకేయడం. లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు రీబూట్‌తో తారుమారు కావచ్చు. పేరు మీద ఆధారపడకుండా సీరియల్ నంబరు తీసుకోండి. డేటా సెంటర్‌కు రాసే టికెట్‌లో ‘ఈ నంబరు డిస్కు తీయండి’ అని ఒక వాక్యం, ‘ఈ నంబరు డిస్కును ముట్టుకోవద్దు’ అని ఇంకో వాక్యం రాయండి. పోయిన డిస్కు తన నంబరు కూడా చెప్పలేని స్థితిలో ఉంటే రెండో వాక్యమే మిమ్మల్ని కాపాడుతుంది.

డిస్కు తీసే ముందు, సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ను నడిపే ఎండీఏడీఎం కమాండుతో చెడ్డ డిస్కు భాగాలను మూడు అర్రేల్లోనూ ‘ఫెయిల్’ అని గుర్తుపెట్టి, తర్వాత ‘రిమూవ్’ చేయండి. కొత్త డిస్కు పాతదానికంటే కొన్ని సెక్టార్లు తక్కువైనా అర్రే ఒప్పుకోదు. రెండూ 1 టీబీ అని రాసి ఉన్నా కచ్చితమైన సెక్టార్ల సంఖ్య సరిచూసుకోండి.

డిస్కును ఏ భాగాలుగా విడగొట్టారో చెప్పే పార్టిషన్ పట్టికను కొత్త డిస్కుకు కాపీ చేసేటప్పుడు చేయి వణకాలి. ఆ పనికి వాడే ఎస్‌జీడిస్క్ కమాండులో పెద్ద ‘ఆర్’ పక్కన రాసేది కొత్త డిస్కు, కమాండు చివర రాసేది పాతది. తిరగేసి రాస్తే ఖాళీ పట్టిక వెళ్లి మంచి డిస్కు మీద కూర్చుంటుంది. కాపీ అయ్యాక పెద్ద ‘జీ’తో కొత్త గుర్తింపు సంఖ్యలు ఇవ్వండి. అప్పుడు మూడు భాగాలనూ ‘యాడ్’ చేస్తే పునర్నిర్మాణం మొదలవుతుంది.

సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీకి మూడు గంటల లోపే పడుతుంది. కానీ సర్వర్ రద్దీగా ఉంటే లైనక్స్ ఈ పనిని వెనక్కి నెడుతుంది. కనీస వేగం మొదటినుంచీ సెకనుకు 1,000 కేబీగా పెట్టి ఉంటుంది. ఆ వేగానికి పడిపోతే పదకొండు రోజుల పైమాటే. అన్ని రోజులు ఒంటి డిస్కు మీద నడపకూడదు. స్పీడ్ లిమిట్ మిన్ అన్న అమరికను 50,000 చేయండి. సైట్లు కొంచెం నెమ్మదిస్తాయి, అయినా ఫరవాలేదు.

చివరగా చాలామంది మరిచే పని. సర్వర్‌ను లేపే బూట్‌లోడర్ గ్రబ్‌ను కొత్త డిస్కు మీద కూడా ఎక్కించండి. బూట్‌లోడర్ ఒక్క డిస్కులోనే ఉండి, రేపు ఆ డిస్కే పోతే, డేటా అంతా రెండోదాంట్లో ఉన్నా సర్వర్ లేవదు. యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బూట్ పద్ధతి ఉన్న సర్వర్ అయితే, బూట్ ఫైళ్లుండే ఈఎస్‌పీ భాగాన్ని కూడా రెండో డిస్కుకు కాపీ చేయాలి. అది సాధారణంగా అర్రే బయట ఉంటుంది, రెయిడ్ దాన్ని చూడదు.

ఇందుకూరుపేట నుంచి: రొయ్యల రైతులకు రోజువారీ కౌంటు ధరలు, చెరువుల నీటి పరీక్షల ఫలితాలు చూపించే సైటు నడుపుతున్నాం. కొత్త సర్వర్‌లో నాలుగు 4 టీబీ డిస్కులు పెడుతున్నాం. రెయిడ్-5 అయితే 12 టీబీ దక్కుతుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. తీసుకోమంటారా?

వద్దు. రెయిడ్-10 పెట్టుకోండి. 8 టీబీనే వస్తుంది. మీ పనికి అది చాలా ఎక్కువ.

రెయిడ్-5లో ఒక డిస్కు పోయాక దాన్ని తిరిగి లెక్కగట్టాలంటే మిగిలిన మూడూ పూర్తిగా చదవాలి. అంటే 12 టీబీ, బిట్లలో 96 లక్షల కోట్లు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు ఇచ్చే హద్దు ఏమిటంటే కోటి కోట్ల బిట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చని. కోటి కోట్లంటే 100 లక్షల కోట్లు. మీ పునర్నిర్మాణం ఆ హద్దు అంచుదాకా వెళుతోంది. అసలు డిస్కులు చాలాసార్లు ఈ హద్దు కంటే మెరుగ్గానే నడుస్తాయి. సర్వర్ తరగతి డిస్కులకైతే హద్దు పది రెట్లు ఎక్కువ. అయినా ఇంకో ప్రతి ఏదీ లేని సమయంలోనే ఈ పరీక్ష జరుగుతుందన్నది మరువకూడదు. రెయిడ్-10లో అయితే పోయినదాని జంట డిస్కు ఒక్కదాన్ని చదివితే సరిపోతుంది. సెకనుకు 150 ఎంబీ వేగంతో ఏడున్నర గంటల పని.

రెండో కారణం రాత. ధరలు మారినప్పుడల్లా డేటాబేసులో చిన్న చిన్న రాతలు పడతాయి. రెయిడ్-5లో ఒక్క చిన్న రాతకు పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ చదవాలి, తర్వాత రెండూ కొత్తగా రాయాలి. నాలుగు పనులు. రెయిడ్-6లో ఆరు. రెయిడ్-10లో రెండే.

న్యాయంగా చెప్పాలంటే రెయిడ్-6కూ ఒక బలం ఉంది. ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్-10లో ఒకే జంటలోని రెండూ పోతే అంతే. పెద్ద ఫైళ్లు ఎక్కువ, రాతలు తక్కువ ఉండే బ్యాకప్ సర్వర్‌కు రెయిడ్-6 మేలు.

డిస్కులు కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం వద్దని, సీఎంఆర్ కావాలని బిల్లు మీద రాయించుకోండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, సీఎంఆర్‌లో పక్కపక్కన విడిగా ఉంటాయి. ఆపకుండా రాసే పని పడితే ఎస్ఎంఆర్ వేగం కుప్పకూలుతుంది. డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో తంటా ఉంది. చదవలేని చోటు తగిలితే అవి నిమిషాల తరబడి ప్రయత్నిస్తూ కూర్చుంటాయి. లైనక్స్ 30 సెకన్లు చూసి, జవాబు లేదని డిస్కును రీసెట్ చేస్తుంది, అర్రే దాన్ని బయటకు నెట్టేసే ప్రమాదం ఉంటుంది. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె), సర్వర్ డిస్కులు 7 సెకన్లలో ‘చదవలేను’ అని ఒప్పుకుంటాయి. వెంటనే రెయిడ్ రెండో ప్రతి నుంచి తీసి ఇచ్చి, చెడిన చోట తిరిగి రాస్తుంది.

ఒంగోలు నుంచి: మా కాలేజీ సైటులో హాజరు పట్టికను ఒక ఉద్యోగి పొరపాటున తుడిచేశారు. సర్వర్‌లో రెయిడ్-1 ఉంది కదా, రెండో డిస్కులోంచి తీయమంటే కుదరదన్నారు. నిజమేనా?

నిజమే. అద్దం మంచీ చెడూ చూడదు. తుడిచేయమన్న ఆజ్ఞ రెండు డిస్కులకూ ఒకేసారి వెళ్లింది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసినా అంతే, తప్పుడు అప్‌డేట్ పడినా అంతే.

కానీ ఆశ వదలకండి. మీ డేటాబేసు మైఎస్‌క్యూఎల్ 8.0 అయితే బైనరీ లాగ్ (ప్రతి మార్పునూ రాసుకునే చిట్టా) మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది, ఎవరూ మార్చకపోతే 30 రోజుల రాతలు అందులో నిలిచి ఉంటాయి. చివరి బ్యాకప్‌ను వేరే డేటాబేసులోకి ఎక్కించి, అప్పటినుంచి తుడిచివేతకు ముందు క్షణం దాకా లాగ్‌ను మళ్లీ నడిపిస్తే పట్టిక తిరిగొస్తుంది. అసలు డేటాబేసు మీద నేరుగా చేయకండి. మరియాడీబీ అయితే ఈ లాగ్‌ను ఎవరైనా ముందే ఆన్ చేసి ఉండాలి. ముందుగా లాగ్ ఫైళ్లను వేరేచోటికి కాపీ చేసి దాచండి, గడువు దాటితే అవీ పోతాయి.

ఇకమీదట మూడు ప్రతులు, రెండు రకాల చోట్లు, ఒకటి ఊరవతల. రోజూ రాత్రి డేటాబేసు నకలును మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండుతో, ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ అన్న ఎంపిక పెట్టి తీయండి. ఇన్నోడీబీ రకం పట్టికలైతే సైటు నడుస్తుండగానే ఒకే క్షణం నాటి నకలు దొరుకుతుంది. నడుస్తున్న డేటాబేసు ఫైళ్లను ఊరికే కాపీ చేస్తే సగం పాతవి, సగం కొత్తవి కలిసి తెరుచుకోని మూట తయారవుతుంది. ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్‌ను ‘డిలీట్’ ఎంపికతో పెట్టి ఒకే నకలు ఉంచుకుంటే ఇక్కడ తుడిచింది మరుసటి రాత్రి అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. కనీసం 14 రోజుల నకళ్లు విడివిడిగా ఉంచండి.

ఊరవతల అనడానికి కారణం ఉంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడింది. బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే పెట్టుకున్న వాళ్లలో కొందరు రెండూ పోగొట్టుకున్నారు. తీసిన బ్యాకప్‌ను నెలకోసారి ఖాళీ కంప్యూటర్లో ఎక్కించి చూడటం కూడా అంతే అవసరం. 2017 జనవరి 31న ప్రోగ్రామ్‌ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు తప్పు సర్వర్ మీద డేటాబేసు తుడిచేస్తే, ఉన్నాయనుకున్న బ్యాకప్ పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయలేదు. చివరకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలే ఆదుకుంది.

కావలి నుంచి: సర్వర్ మా షాపులోనే ఉంది. రెయిడ్ కార్డు, నాలుగు డిస్కులు. తుపాను రోజుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఈమధ్య సైటు రాతలు బాగా నెమ్మదించాయి. డిస్కులన్నీ పచ్చగానే ఉన్నాయి. ఏం చూడాలి?

ముందు కార్డు మీది బ్యాటరీని చూడండి. రెయిడ్ కార్డు రాయాల్సినదాన్ని తన మెమరీలో పెట్టుకుని ‘రాసేశాను’ అని చెప్పేస్తుంది. దీన్ని రైట్ బ్యాక్ అంటారు. కరెంటు పోతే ఆ మెమరీని నిలబెట్టేది బ్యాటరీ. అది ముసలిదైతే చాలా కార్డులు రైట్ త్రూకు మారిపోతాయి. అంటే డిస్కు మీద నిజంగా పడ్డాకే జవాబిస్తాయి. అందుకే నెమ్మది. కార్డు తప్పేమీ చేయలేదు, మీ డేటాను కాపాడుతోంది. కొందరు వేగం కోసం ‘బ్యాటరీ లేకున్నా రైట్ బ్యాక్’ అన్న అమరిక పెడతారు. కరెంటు పోతూ వచ్చే చోట ఆ పని ఎప్పుడూ చేయవద్దు. బ్యాటరీ మార్చండి, లేదా సూపర్ కెపాసిటర్ ఉన్న కార్డుకు మారండి. దానిలో కరెంటు పోగానే మెమరీలోది ఫ్లాష్‌లోకి చేరిపోతుంది, రోజుల తరబడి కరెంటు రాకున్నా దిగుల్లేదు.

రెయిడ్-5, 6లలో ఇంకో గండం ఉంది. డేటా రాసి ప్యారిటీ రాయకముందే కరెంటు పోతే రెండూ పొసగవు. అప్పటికి ఏమీ తెలియదు. తర్వాత ఎప్పుడో డిస్కు పోయి ప్యారిటీతో లెక్కగడితే తప్పు డేటా బయటికొస్తుంది.

యూపీఎస్‌ను సర్వర్‌కు యూఎస్‌బీ తీగతో కలిపారా? కలపకపోతే బ్యాటరీ అయిపోగానే సర్వర్ టప్పున ఆరిపోతుంది. తీగ కలిపి, యూపీఎస్‌ను కనిపెట్టి చూసే ఎన్‌యూటీ ప్రోగ్రామ్ పెట్టి, బ్యాటరీ ఇంకా సగం ఉండగానే సర్వర్ తనంతట తాను మూతపడేలా చేయండి. ఒకసారి ప్లగ్ పీకి పరీక్షించండి.

రోహిణి కార్తెలో షట్టరు మూసిన గది గురించి కూడా ఆలోచించండి. చాలా డిస్కులకు 60 డిగ్రీలు హద్దు. 45 దాటనివ్వకపోతే మంచిది. సముద్రపు గాలి తగిలే చోట కనెక్టర్లకు చిలుము పడుతుంది, ఏడాదికోసారి విప్పి చూసుకోవాలి. కార్డు మోడల్, ఫర్మ్‌వేర్ (దాని లోపలి ప్రోగ్రామ్) సంఖ్య ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కార్డే పోతే సాధారణంగా అదే కంపెనీ, అదే వరస కార్డు ఉంటేనే డిస్కులు తెరుచుకుంటాయి. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కు ఈ బెడద లేదు, డిస్కులు తీసి వేరే లైనక్స్ కంప్యూటర్లో పెట్టినా గుర్తుపడుతుంది. మీలాంటి షాపుకు మా సలహా అదే.

ఉదయగిరి నుంచి: కొయ్య చెంచాలు, గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. చిన్న వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో అద్దెకిచ్చే ఒక వాటా) తీసుకున్నాం. దానిలో రెండు వర్చువల్ డిస్కులు పెట్టి మేమే రెయిడ్-1 చేసుకుంటే మంచిదా? ఎస్ఎస్‌డీలకు అసలు రెయిడ్ అవసరమా?

వీపీఎస్ లోపల వద్దు. మీకు రెండుగా కనిపించే డిస్కులు అడుగున ఒకే డిస్కుల జట్టు మీద కూర్చుని ఉండవచ్చు. డబ్బు రెట్టింపు, రక్షణ ఉన్నంతే. ఆ డబ్బుతో వేరే సంస్థ దగ్గర బ్యాకప్ చోటు కొనుక్కోండి. ఆ బ్యాకప్‌ను తుడిచే అధికారం ఉన్న పాస్‌వర్డ్ మాత్రం వీపీఎస్‌లో ఉంచకండి.

ఎస్ఎస్‌డీలకూ రెయిడ్ అవసరమే. తిరిగే భాగాలు లేవు కాబట్టి కొంత నిబ్బరం, అంతే. పోయేటప్పుడు అవి చప్పుడు చేయవు, చాలాసార్లు ఒక్కసారిగా మాయమవుతాయి. పైగా అద్దంలోని రెండింటి మీదా ఒకే మోతాదులో రాతలు పడతాయి కాబట్టి ఒకే తీరున అరుగుతాయి. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ సంస్థ తన ఎస్ఏఎస్ రకం (సర్వర్లలో వాడే) ఎస్ఎస్‌డీల్లో కొన్నిటి గురించి హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల 32,768 గంటలు నడిచిన క్షణాన అవి చచ్చిపోతాయని, డేటా తిరిగి రాదని. ఆ గంటలు 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకేరోజు పెట్టిన నాలుగు డిస్కులు ఒకేరోజు పోతే ఏ రెయిడ్ అంకె అయినా ఏం చేస్తుంది? కాబట్టి మీ హోస్టింగ్ సంస్థను కాకపోయినా, రేపు సొంత సర్వర్ పెట్టుకుంటే మిమ్మల్ని మీరు అడగాల్సినవి: జంటలోని రెండు డిస్కులూ వేర్వేరు కంపెనీలవేనా, లేదా కనీసం వేర్వేరు నెలల్లో కొన్నవేనా? ఫర్మ్‌వేర్ తాజాదేనా? అరుగుదల శాతం 80 దాటినదాన్ని మార్చడానికి ఒక కొత్తది అరలో సిద్ధంగా ఉందా?